చిన్నదాని ఆయాసం

ఇరవై ఆవుల పాడి ఉన్న ఇల్లు అది. ఆ ఇంటి ఆరేళ్ల చిన్నదానికి ఏడాదిగా ఆయాసం పట్టుకుంది. ఆ పొద్దున పిల్ల పెదవులు నీలంగా మారాయి. తల్లి నెబ్యులైజర్ మాస్కు దాని ముఖానికి అదిమిపెట్టి, వీపు రాస్తూ కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా పిల్ల డొక్కలు లోపలికి పోతున్నాయి.

గుమ్మంలో నిలబడ్డ మొగుడి ముఖం జేవురించింది.

"ఆ కుక్కే! దాని బొచ్చే నా బిడ్డ ప్రాణం తోడేస్తోంది. వదిలించుకోమని అన్నయ్యకి ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"ఏది పడట్లేదో రేపు పరీక్ష చేస్తామన్నారుగా డాక్టరుగారు. ఒక్కరోజు ఓర్చుకోండి" అందామె.

"రేపటిదాకా పిల్ల బతకొద్దూ?" అంటూ పార అందుకుని కొట్టంలోకి ఉరికాడు.

పిల్లని అత్తగారి ఒళ్లో పెట్టి ఆమె వెనకే పరిగెత్తింది. దూడల పక్కన పడుకున్న ముసలి కుక్క అతన్ని చూసి తోకాడిస్తూ లేచింది. మొదటి దెబ్బకి దాని నడుం విరిగింది. ముందుకాళ్ల మీద ఈడ్చుకుంటూ అతని పాదాల దగ్గరికే వచ్చింది. రెండో దెబ్బ తలమీద పడింది. ఆవులు బెదిరిపోయి గొలుసులు గుంజుకున్నాయి.

ఆ కుక్కని పెంచిన బావగారు పాలక్యానుతో వచ్చి కొయ్యబారిపోయాడు. క్యాను జారి పాలు నెత్తుట్లో కలిశాయి.

"ఒరేయ్!" అన్నాడంతే. తమ్ముణ్ణి గోడకేసి కొట్టాడు. రెండు పళ్లు రాలాయి. కిందపడ్డవాడి గుండెల మీద కూర్చుని పిడిగుద్దులు కురిపించాడు. తమ్ముడి చెయ్యి తడుముకుంటూ పార దగ్గరికి పాకింది. పార పైకి లేచేలోగా ఆమె దాని అంచు పట్టేసుకుంది. అరచెయ్యి అడ్డంగా తెగింది.

"చంపుకోండి! పిల్లకి ఊపిరి మీలో ఎవరు పోస్తారో నేనూ చూస్తాను!" అని అరిచింది. ఆమె నెత్తురు ముఖాన చిందాకగానీ బావగారు లేవలేదు.

మందుకి పిల్ల ఊపిరి ఆ పూటకి కుదుటపడింది. మర్నాడు కట్టుకట్టిన చేత్తోనే తల్లి దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. వాచిన దవడతో మొగుడూ వచ్చాడు. నర్సు పిల్ల ముంజేతి మీద ఒక్కో జంతువు బొచ్చు సారం ఒక్కో చుక్క వేసి సూదితో గుచ్చింది. పావుగంటకి ఒక్కచోట చిక్కుడుగింజంత దద్దురు లేచింది.

"ఇది పిల్లి వల్ల. కుక్క చుక్క దగ్గరా, ఆవు చుక్క దగ్గరా ఏమీ లేదు. ఇంట్లో పిల్లి ఉందా?" అన్నాడు డాక్టరు.

ఉంది. పోయిన పుట్టినరోజుకి ముచ్చటపడి తెచ్చింది ఈ మొగుడే. పిల్ల దిండు మీదే దాని పడక.

"కుక్కతో పాకే వయసు నుంచీ ఆడుకుందండీ" అంది తల్లి.

"అలా పెరిగిన పిల్లల్లో కొందరికి పడుతుంది, కొందరికి పడదు. చూసి చెప్పలేం. అందుకే పరీక్ష."

మొగుడు బయట బల్ల మీద కూలబడ్డాడు. ఆమె ఓదార్చలేదు. ఆ సాయంత్రం కుక్కని తనే చంపానని కూతురితో చెప్పాడు. ఆ తర్వాత చాలారోజులు పిల్ల అతన్ని మాస్కు ముట్టుకోనివ్వలేదు.

పిల్లిని ఆమె చెల్లెలు తీసుకెళ్లింది. పరుపు పారేసి, గోడలు కడిగారు. నాలుగైదు నెలలకి ఆయాసం తగ్గుముఖం పట్టింది. అన్నదమ్ములు మాత్రం ఒకే కొట్టంలో ఎడమొహం పెడమొహంగా పాలు పిండేవారు. చెప్పాల్సింది ఏదున్నా ఆమె చేతే చెప్పించేవారు.

ఒకనాడు ఆమెకి విసుగొచ్చింది. "మీ మాటలు మీరే మోసుకోండి" అనేసి వెళ్లిపోయింది. అప్పుడే దూడకి మందు పట్టాల్సొచ్చింది. ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు మందు పొయ్యాలి. నోరు విప్పకుండానే ఇద్దరూ చెరోవైపు వంగారు.