కమ్మీకి మైనం పూసేవాళ్ళు

నా మేనకోడలు ఇనప కమ్మీ మీంచి కింద పడ్డప్పుడు మేనేజరు ముందు చూసింది కమ్మీ వంక.

"రంగు గీసుకుపోయింది" అన్నాడు. ఆ తర్వాతే ఆమె వంక చూశాడు.

నేను అక్కడే వ్యాన్లోంచి మైనం పెట్టెలు దించుతున్నాను. ఆటసామాను షాపులో కూర్చునేవాణ్ణి, మనిషి ముందు దేన్ని చూస్తే దాన్నే విలువైందిగా ఎంచుతున్నాడని ఎరిగినవాణ్ణి.

సాహస క్రీడల పోటీల్లో అన్నిటికన్నా పెద్దవి ఏటా మా ఊరి మైదానంలోనే జరుగుతాయి. తీపి పానీయాలూ చొక్కాలూ టోపీలూ అమ్మే కంపెనీ వాటిని నడుపుతుంది, ఆ మేనేజరు దాని మనిషే. చక్రాల చెక్క మీద నిలబడి ఆడేవాళ్ళకు పతకాలున్నాయి. పొట్టి సైకిళ్ళ వాళ్ళకున్నాయి. ఒకే వరుసలో నాలుగు చక్రాలున్న బూట్లు తొడుక్కుని, కమ్మీల మీద జారి, మెట్ల మీంచి గెంతే స్కేటర్లకు మాత్రం లేవు. ఒకప్పుడు ఉండేవి, తీసేశారు. అయినా ర్యాంపులు కట్టేది ఆ బూట్లవాళ్ళే. వడ్రంగి, వెల్డరు, కొరియరు కుర్రాడు, ఆస్పత్రి నర్సు, కాలేజీ పిల్ల, ఇలా ముప్ఫైమంది. ఏడాదంతా ఎవరి పని వాళ్ళది, ఈ ఒక్క వారం అందరూ కంట్రాక్టరు కింద కూలీలు. చెక్క ఎక్కడ వంపు తిరగాలో, కమ్మీ ఎంత ఎత్తుండాలో వాళ్ళ కాళ్ళకు తెలుసు. కట్టడం అయ్యాక పోటీదారులు ఎక్కేలోపు ప్రతి అంచుకూ మైనం పూసి, దాని మీద తామే జారి, ఎక్కడ నునుపు లేదో కనిపెట్టే పని కూడా వాళ్ళదే. విరిగితే వీళ్ళ ఎముక విరగాలి, పతకం ఇంకొకళ్ళ మెడలో పడాలి. ఏర్పాటు అదీ.

ఆ కమ్మీని అతికింది నా మేనకోడలే. ఊళ్ళో అందరికీ ఆమె వెల్డరమ్మ. అతుకు దగ్గర బుడిపె ఉంది, అరగంట రాయి పట్టనివ్వండని పొద్దుటి నుంచీ అడుగుతూనే ఉంది. కెమెరాల వాళ్ళు వచ్చేశారు, రంగేస్తే కనపడదులే అన్నాడు కంట్రాక్టరు.

"కంటికి కనపడదు, కాలికి కనపడుతుంది" అందామె.

అయినా రంగేశారు. అతికినవాళ్ళే మొదట జారాలన్నది వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. తన చేతిపని మీద ఇంకొకళ్ళను ముందు పంపడం వాళ్ళకు సిగ్గుచేటు. పని సరిగ్గా చెయ్యనివ్వకపోయినా కట్టుబాటు మాత్రం వదల్లేదు పిచ్చిది. ఎక్కింది, జారింది, బుడిపె దగ్గర బూటు పట్టేసింది. మెడ కింద కాలరు ఎముక విరిగిన చప్పుడు నాదాకా వినిపించింది.

పక్కనే తెల్లటి వైద్యం వ్యాను నిలబడి ఉంది. లోపల ఒకతను కంపెనీ పానీయం తాగుతున్నాడు, దగ్గు మందులాంటి తియ్యటి కంపుది. నర్సు పరుగెత్తి అడిగింది. అతను జాబితా తీసి, పైనుంచి కిందికి వేలు జరిపి, మూసేశాడు.

"పోటీదారులకేనమ్మా."

ప్రకటనల అట్ట ఒకటి పీకి, దాని మీద ఆమెను పడుకోబెట్టి నా సరుకుల వ్యానెక్కించాం. అట్ట మీద పెద్ద అక్షరాలతో 'హద్దుల్లేని స్వేచ్ఛ' అని ఉంది. దారి పొడుగునా ఆమె ఆ మాట మీదే పడుకుని పళ్ళు బిగబట్టింది.

ఇది చదివే కార్మికులూ విద్యార్థులూ నన్ను మంచివాడనుకోకండి. నా సంగతి నేనే చెబుతాను. ఇరవై ఏళ్ళ కిందట బూట్ల ఆటను పోటీల్లోంచి తీసేసినప్పుడు, చూసే జనం లేరన్నారు. అబద్ధం. జనం నిలబడి చూశారు, నేనూ చూశాను. అసలు లెక్క వ్యాపారిగా నాకప్పుడే అర్థమైంది. చెక్క ఎక్కడం రానివాడు కూడా చెక్కలవాళ్ళ చొక్కా తొడుక్కుంటాడు, వాళ్ళ టోపీ పెట్టుకుంటాడు. చక్రాల బూట్లు మాత్రం ఆడేవాడే కొంటాడు. ఆడేవాడి మీద బతకడం కంపెనీకి రుచించలేదు. వేసుకు తిరిగేవాళ్ళు కావాలి దానికి. అంత తెలిసీ నేనేం చేశాను? ఆ వారమే బూట్లన్నీ తీసి వెనక గదిలో అటక మీద పడేసి, ముందు అద్దాల్లో చెక్కలు పేర్చాను. అప్పటికి నా మేనకోడలికి పదకొండేళ్ళు. 'మామయ్యా, మా బూట్లేవి?' అని అడిగితే, గిరాకీ లేదమ్మా అన్నాను. కంపెనీ అబద్ధాన్ని నా నోటితో చిన్నపిల్లకు అమ్మాను. ఇప్పుడామెకు ముప్ఫై ఒకటి. ఈ రెండు మూడేళ్ళలో ఆట తిరిగి పోటీల్లోకి రాకపోతే ఆమె కాళ్ళకు ఇక పోటీ లేదు. ఇప్పుడు ఎముక కూడా విరిగింది.

మర్నాడు మేనేజరు షాపుకొచ్చాడు. చెయ్యి కలిపితే తడిగుడ్డ పట్టుకున్నట్టుంది. షావుకారు గారూ, షావుకారు గారూ అంటూ నా బల్ల మీదే ఒక కాగితం పరిచాడు. వెల్డరమ్మ సరదాకి, ఎవరూ చెప్పకుండానే, తనంతట తనే కమ్మీ ఎక్కిందని అందులో ఉంది. బూట్లవాళ్ళంతా సంతకం పెడితే వచ్చే ఏడు వాళ్ళకు అవకాశమిస్తారట. పోటీ కాదు. రెండు పోటీల మధ్య జనం మూత్రానికి లేచే సమయంలో పావుగంట ప్రదర్శన. నాకు ఈ ఏడే మైదానంలో దుకాణం. దానికి సరుకు వ్యాను లోపలికి వచ్చిపోవడానికి పాసు కూడా అప్పుడే తీసిచ్చాడు.

వెళ్ళమని గెంటానని రాస్తే చదవడానికి బాగుండేది. నేను కాఫీ ఇప్పించాను. పాసు జేబులో పెట్టుకున్నాను. వాడు వెళ్ళాక ఆ కప్పు కడగబుద్ధి కాలేదు, చెత్తలో వేశాను. చేసిన మర్యాదంతా చేసి ఆ ఒక్క కప్పు మీద పౌరుషం చూపించాను.

ఆ సాయంత్రం చక్రాలు బిగించే వెనక గదిలో అందరూ చేరారు. చోటు చాలక కొందరు పెట్టెలెక్కి కూర్చున్నారు. నేనే కాగితం చదివి, నా సలహా కూడా చెప్పాను. ముందు గుమ్మంలో కాలు పెట్టండి, తర్వాత సంగతి తర్వాత అన్నాను. వడ్రంగి నాతో కలిశాడు. ఇరవై ఏళ్ళుగా ఏమీ లేదు, పావుగంటైనా పావుగంటే కదా అన్నాడు. కాలేజీ పిల్ల లేచి, పావుగంట ఆడటానికి అక్క మీద రాసిన అబద్ధానికి సంతకం పెట్టాలా అని అతని మీద పడింది. నీకు ఇరవయ్యేళ్ళు, నీకింకా బోలెడు టైముంది, మా మోకాళ్ళు వచ్చి చూడమన్నాడు అతను. నర్సు ఇద్దర్నీ తిట్టింది. కొరియరు కుర్రాడు, కోతుల్ని కూడా మధ్యలోనే ఆడిస్తారు, అరటిపండు ఇస్తారేమో కనుక్కో బాబాయ్ అన్నాడు. నవ్వారు గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

వెల్డరమ్మ అందరూ ఆగిందాకా ఆగింది. చెయ్యి గుడ్డలో వేలాడుతోంది.

"మామయ్యా, వాళ్ళకి మనం లేకుండా జరగని పనేంటి?"

"అంటే?"

"నువ్వే కదా చెబుతావు, ఎదుటివాడికి తప్పనిసరైంది నీ దగ్గరుంటే బేరం నీదేనని. మన దగ్గర ఏముంది?"

గది చుట్టూ చూశాను. మూలన నేను వెనక్కి తెచ్చిన మైనం పెట్టెలున్నాయి. సగం పూసిన అంచులు మైదానంలో అలాగే ఉన్నాయి. పూసి, జారి చూడాల్సిన పాతికేళ్ళ అనుభవం ఆ పెట్టెల మీద కూర్చుని ఉంది.

"మైనం" అన్నాను.

"అయితే పూయం. బూట్ల పోటీని జాబితాలోకి ఎక్కించి, కమ్మీ గురించి నిజం రాసిచ్చిందాకా ఒక్క అంచుకీ పూయం, ఒక్క ర్యాంపు మీదా జారి చూడం. ప్రదర్శనలొద్దు. పోటీ కావాలి."

చేతులు ఒక్కొక్కటే లేచాయి. వడ్రంగి చెయ్యి చివర్న లేచింది, గొణుగుతూనే లేచింది. నా చెయ్యి దానికన్నా వెనక.

బుధవారం కంట్రాక్టరు మనిషిని పంపాడు. మైనం లేదన్నాను. పెట్టెలు కనపడుతున్నాయి కదా అన్నాడు. అమ్మకానికి లేదన్నాను. ఆ మాట నా షాపులో నేను అనడం అదే మొదలు. గురువారం కంట్రాక్టరు ఎక్కడినుంచో నేలకు పూసే పాలిషు తెప్పించి, కుర్చీలు వేసేవాళ్ళ చేతికిచ్చి పూయమన్నాడు. పాపం వాళ్ళకేం తెలుసు. మైనం అంచుకు పూస్తారు, దిగే పలకకు పూయరు. వాళ్ళు పెళ్ళి మండపంలా మొత్తం తళతళలాడించారు.

శుక్రవారం మధ్యాహ్నం చెక్కలవాళ్ళు సాధనకు దిగారు. మొదటివాడు సగం దూరం వీపు మీదే జారాడు. రెండోవాడికి గడ్డం చిట్లింది. ఆ సాయంత్రం వాళ్ళు పదిహేనుమంది నా షాపు మీదికొచ్చారు. ముందు నిలబడ్డవాడు పోయినేడు పతకం గెలిచినవాడు, పొడుగోడంటారు. మోచెయ్యి పొడుగునా చర్మం లేచిపోయి ఉంది.

"ఏం బాబాయ్, మమ్మల్ని చంపుదామనా? మీ బూటోళ్ళ ఏడుపు మా మీదెందుకు?"

"బూటోళ్ళం ఏడవడం లేదు" అంది వెల్డరమ్మ, లోపలి నుంచి వచ్చి. "పని మానేశాం. నువ్వు పడ్డది మేం పూయనందుకు కాదు. ఎవరు పూస్తున్నారో మీరు ఏనాడూ చూడనందుకు."

పొడుగోడు ఆమె చెయ్యి చూశాడు. ఎవరు ముందు దేన్ని చూస్తారో గమనించే అలవాటు కాబట్టి నేను కనిపెట్టాను, ముందు చెయ్యే చూశాడు. ఏ కమ్మీ మీంచి పడ్డావని అడిగాడు. ఆమె చెప్పింది. రేపు తన వంతు ఆ కమ్మీ మీదేనట. బుడిపె ఇంకా ఉందా అన్నాడు. రంగు కింద భద్రంగా ఉందంది.

వాడు గుమ్మంలోనే కూలబడ్డాడు. తనకు ఎనిమిదేళ్ళప్పుడు బూట్లవాళ్ళను చూసే ఆటలోకి వచ్చానని, తర్వాత అందరితోపాటు వాళ్ళను బొమ్మబూట్లని వెక్కిరించానని తలెత్తకుండా చెప్పాడు. వెంట వచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు, మన పోటీ చెడగొట్టుకుంటామా అని సణిగారు. గడ్డం చిట్లినవాడు వాళ్ళను నోరు మూసుకోమన్నాడు.

"ఏం చెయ్యమంటావక్కా?"

"పైన నిలబడు. దిగకు. అంతే."

శనివారం మైదానం నిండింది. తీపి పానీయం కంపు, కంపెనీ పంచిన అట్ట చేతులు ఊపుతున్న జనం, తెర మీద మేనేజరు పళ్ళు. నేను దుకాణం పాసు చూపించి వెనక గేటులోంచి వ్యాను లోపలికి తెచ్చాను. ఊరికే వచ్చిన వస్తువుకు పూర్తి విలువ రాబట్టింది నా జన్మలో ఆ ఒక్కసారే. వ్యానులో చెక్కలు లేవు. ఇరవై అయిదుమంది బూట్లు బిగించుకుని, మోకాళ్ళు గడ్డాలకు ఆనించుకుని కూర్చుని ఉన్నారు. తక్కినవాళ్ళు జనంలో ఉన్నారు. వెల్డరమ్మ నా పక్కన ముందు సీట్లో ఉంది.

ఫైనల్లో మొదటి పేరు పిలిచారు. పొడుగోడు ర్యాంపు పైకొచ్చి, చెక్క కాలికింద పెట్టుకుని, నిలబడ్డాడు. మళ్ళీ పిలిచారు. నిలబడ్డాడు. రెండోవాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. పన్నెండోవాడు కూడా వచ్చాక మైకు గొంతు సన్నబడింది.

అప్పుడు నేను వ్యాను తలుపు తెరిచాను.

వాళ్ళు ర్యాంపు మీదికి వెళ్ళి ముందు ఆడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని పలకల మీది పాలిషు గోకారు. అంచులకు మైనం పూశారు. వడ్రంగి జేబులోంచి రాయి తీసి ఆ బుడిపెను అరగదీశాడు. వేల కళ్ళముందు, కంపెనీ వేసిన రంగు పొడి పొడిగా రాలింది. తర్వాత కాలేజీ పిల్ల లేచి, ఎక్కి, ఆ కమ్మీ మీద ఈ చివరినుంచి ఆ చివరికి జారింది. ఎక్కడా పట్టలేదు.

చెక్కలవాళ్ళలో ఒక అలవాటుంది. ఆట నచ్చితే చప్పట్లు కొట్టరు, చెక్క మొన ర్యాంపు అంచుకేసి కొడతారు. ఇరవై ఏళ్ళలో బూట్లవాళ్ళకోసం ఒక్క చెక్కా మోగలేదు. పొడుగోడు కొట్టాడు. పక్కవాడు కొట్టాడు. పన్నెండు చెక్కలు ఇనుముకేసి మోగుతుంటే జనం లేచి నిలబడ్డారు. ఈసారి ఎవరూ బయటికి వెళ్ళలేదు.

పోలీసులు వచ్చారు. ముందు బూట్లు విప్పమన్నారు. ఆ బకిల్సూ లేసులూ విప్పడం వాళ్ళకు రాలేదు. ఒక కానిస్టేబులు కొరియరు కుర్రాడి కాలు ఒళ్ళో పెట్టుకుని కుస్తీ పడుతుంటే, నెమ్మదిగా బాబాయ్, కొత్త లేసులు అన్నాడు వాడు. చివరికి బూట్లతోనే నడిపించారు. చక్రాల మీద ఉన్నవాణ్ణి ఈడ్చడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. లాగినవాడే ముందు పడుతున్నాడు. నన్నూ పోలీసు వ్యానెక్కించారు.

స్టేషన్లో బల్ల వెనక అధికారి కాగితం తీసుకుని ఒక్కొక్కరి వివరాలూ రాయడం మొదలుపెట్టాడు. కంపెనీ ఫిర్యాదు ఆయన ముందే ఉంది. సంబంధం లేని బయటి వ్యక్తులు పోటీలు చెడగొట్టారని అందులో రాసుంది. వరుసలో మొదట వెల్డరమ్మ నిలబడింది.

"ఏం చేస్తుంటావమ్మా?"

"పోటీదారును."

ఆయన కలం ఆపాడు. చెయ్యి గుడ్డలో ఉన్న మనిషిని పైనుంచి కిందికి చూశాడు. "పని అడిగాను."

"అదే చెప్పాను. రాసుకోండి."

రాసుకున్నాడు. వెనక వడ్రంగి వంతు వచ్చింది. పోటీదారును అన్నాడు, ఈసారి గొణక్కుండా. నర్సు అదే చెప్పింది. కొరియరు కుర్రాడూ అదే చెప్పాడు. ఆ మాట ఆ జాబితాలో కిందికి కిందికి దిగుతుంటే అధికారి చేతికి నొప్పి పుట్టినట్టుంది, మధ్యలో వేళ్ళు విరుచుకున్నాడు.

చివరి వంతు నాది. నాకు అరవై దాటాయి. ఆ బూట్లు నేను ఒక్కసారీ తొడగలేదు, అటక మీద పడేసిన చేతులు ఇవే.

"మైనం ఇచ్చేవాడు" అంది నా మేనకోడలు నా బదులు. "మా మనిషి."

అప్పుడే బయట మెట్ల దగ్గర చెక్క మొన ఒకటి రాతికి తగిలింది. తర్వాత ఇంకొకటి. అధికారి కిటికీలోంచి తొంగి చూసి, ఎంతమంది ఉన్నారని కానిస్టేబుల్ని అడిగాడు. ఇంకా వస్తూనే ఉన్నారండీ అన్నాడు అతను.