బావిలో వేసిన తెల్ల చిలప

మా వీధి సుందరవల్లి లాంటి శాస్త్రవేత్త తిరుత్తణిలోనే కాదు, మద్రాసులోనూ పుట్టలేదు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, పదో తరగతి చదువుతూ, మా నేతగాళ్ళ బావిలోకి ఎవరి అద్దకం రంగునీళ్ళ గుంత ఊరుతోందో తేల్చాలని ఆమె తెల్ల నూలు చుట్ట, అదే చిలపను, తాడుకు కట్టి నీళ్ళలో వదిలింది. ఆ నీళ్ళు తాగే తమ్ముడు కడుపు పట్టుకుని పడుకున్నాడు మరి. ఎదురింటి జయరామన్ నూలుకు వేసేది ఎరుపు, వీళ్ళ నాయన వేసేది ఆకుపచ్చ. చిలప ఎర్రబడితే ఎదురింటి గుంత పూడ్పించాలని ఆమె పంతం.

కాలు నిలవక కాసేపటికే తాడు లాగింది. ముడి దగ్గర ఆకుపచ్చ! ఆమె మొహం వాడిపోయింది.

“నీ చేతులు చూసుకో అక్కా,” అని నవ్వాడు ఒక క్లాసు కింద చదివే, చేతికి రంగంటని రెడ్ల పిల్లోడు దండపాణి. “రంగులో ముంచిన చేతులతోనే గదా ముడేసినావు!”

“అయితే నువ్వే కట్టరా, రెడ్డి మహారాజా!”

దండపాణి ఇంకో తెల్ల చిలప కట్టాడు. సాయంత్రం చిలప పైకొచ్చింది. కొస నుంచి కొసదాకా లేత ఆకుపచ్చ.

“నేను ఎవురికీ చెప్పనులే అక్కా.”

“తమ్ముడు తాగేది యాడి నీళ్ళురా?” అంటూ ఆమె తడి చిలపతోనే ఇంటికి నడిచింది. “నాయనా, గుంత మనదే.”

ఆయన పార అందుకున్నాడు.

సొంత చేతులే చూసుకోని శాస్త్రవేత్త గనక మద్రాసు మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాయన చేతికి పార ఇచ్చింది కూడా కథ చెప్పే నేనే, ఆయన కాదు. నిజానికి ఆయన మూతి ముడుచుకుని మగ్గం గుంటలో నేతకు కూర్చున్నాడు. పార పట్టి గుంత పూడ్చింది సుందరవల్లే.