ఎవరో ఒక ఆడమనిషి

"వదినా, జర చాయ్ పెట్టు. అట్లనే అన్న సంచిలకెల్లి ఎట్ల బయటికొచ్చేటోడో గీ సార్‌కు చెప్పు," అన్నాడు మా మరిది అహరోను. రెండూ ఒకటే పని అన్నట్టు అన్నాడు.

నా భర్త ప్రేమదాసు పోయిన వానాకాలంలో చనిపోయాడు. నారాయణఖేడ్ చుట్టుపక్కలే కాదు, అవతల కన్నడ జాతరల్లో కూడా గారడీ ఆటలో ఆయన పేరు తెలియనివాళ్ళు లేరు. గోనెసంచిలో కూర్చునేవాడు, మూతి కుట్టేసేవాళ్ళు. తెర పడి పాట ముగిసేలోపు బయట నిలబడి దండం పెట్టేవాడు. ఆ రహస్యాలన్నీ పుస్తకంగా వేస్తానని హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

రహస్యం నేనే. "ఎవరన్నా ఒక ఆడామె వచ్చి కుట్టుండ్రి," అని ఆట మధ్యలో మా ఆయన పిలవగానే, కొంగు ముఖం మీదికి లాక్కుని గుంపులోంచి లేచేదాన్ని. మార్కెట్లో కందుల సంచులు కుట్టే మా అమ్మ నేర్పిన కుట్టు అది. దారం కొస పట్టి లాగితే మూతి కుట్టంతా ఊడొస్తుంది. ఆ కొసను లోపలికి, ఆయన వేళ్ళకు అందేలా వదిలేదాన్ని. పెళ్ళయిన కొత్తలో నేనే ఆయనకు చూపించాను. ఆ తర్వాత ఏ బస్సులోనూ పక్కపక్కన కూర్చోలేదు. ఆయనకు శాలువా కప్పుతుంటే అందరితోపాటు చప్పట్లు కొట్టి, వేరే ఆటో ఎక్కి, ముందుగా ఇల్లు చేరి రొట్టెలు చేసేదాన్ని. "నువ్వు నా పెండ్లామని తెలిస్తే ఆట ఖరాబైతది," అనేవాడు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడైనా "కుట్టు నీది" అంటే ఏ ఆట ఖరాబయ్యేదో!

అంతా చెప్పాను. హైదరాబాద్ ఆయన రాసుకున్నది అహరోను పైకి చదివాడు: "గుంపులోంచి ఎవరో ఒక ఆడమనిషి వచ్చి, ప్రేమదాసు కనిపెట్టిన కుట్టు..."

"ఆ ఆడమనిషిని నేనే. కుట్టు నాది."

"గదంత ఎందుకు వదినా? అన్న ఇజ్జత్ పోతది."

ఒళ్ళు మండిపోయింది. ఆట కోసం ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఆటా లేదు, ఆయనా లేడు. నేను మాత్రం ఇంకా ఎవరో ఒక ఆడమనిషినే.

పుస్తకానికి ఫోటో కావాలన్నారు. అన్న బదులు అహరోను హుషారుగా గోనెసంచిలోకి దిగాడు. నేను దబ్బనం తీసి మూతి కుట్టాను.

"వదినా, కొస దొరుకుతలేదు!" లోపలి నుంచి కేక.

"బయట ఉంది. నా చేతిలనే ఉంది," అన్నాను. హైదరాబాద్ ఆయన వైపు తిరిగాను. "సారూ, మొదటి మాట గిట్ల రాయుండ్రి. ప్రేమదాసు ఎన్నడు తనంతట తాను బయటికి రాలే. ఆయన పెండ్లాం సంతోషి తీసింది. రాసి, గట్టిగ సదువుండ్రి. అప్పుడు లాగుత."