ఎవరూ ఎక్కని పరంజా

సదానందం మంచం వెనక గోడకు అతికించిన ఫోమ్ ముక్కల్ని ఫోర్‌మన్ మునిస్వామి కాలితో తన్ని ఊడగొట్టాడు. జ్వరంతో ఉన్న సదానందం దుప్పట్లో ఇంకా ముడుచుకున్నాడు.

"కంపెనీ మాలురా ఇది! ఎవురు తెమ్మన్నారు?"

"చెత్తల వారేసినయే సార్," అన్నాడు పక్క మంచం దేవన్న. "ఈ రేకుల గదిల గడ్డకట్టి సస్తున్నం."

"చెత్తయినా కంపెనీదే!"

సౌదీలోని తబూక్‌లో జనవరి. పొద్దున బకెట్లో నీళ్ల మీద మంచుపొర తేలుతుంది. పాత అపార్టుమెంట్ల గోడలకు బయటినుంచి ఫోమ్ పలకలు అతికించడం, కిటికీలకు జంట అద్దాలు బిగించడం మా పని. లోపలి వెచ్చదనం బయటికి పోదు, కరెంటు ఆదా అవుతుంది. మంచి పనే. మేముండే రేకుల క్యాబిన్లలో మాత్రం హీటర్ పెడితే ఫ్యూజు పీకేస్తారు.

ఆ మర్నాడు సదానందం సైటులోనే కుప్పకూలాడు. మాతో పనిచేసే పాకిస్తానీల పెద్ద, లాహోర్ ఫారూఖ్ తన పికప్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నిమ్ము చేసిందన్నారు.

అన్నాల దగ్గర దేవన్న లేచి నిలబడ్డాడు. "మన గదులకు గూడ ఫోమ్ కొట్టాలె, హీటర్లు పెట్టాలె. అప్పటిదాంక పరంజా ఎక్కద్దు."

"పిచ్చి లేసిందా?" లక్ష్మణ్ కసురుకున్నాడు. "ఈడ సమ్మె జేస్తే జైలే. మనల పనికి తెచ్చిన కఫీల్ వీసాకు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతడు."

"పంపనియ్. ఇయ్యాల సదానందం, రేపు నువ్వు!"

ఫారూఖ్ టీ గ్లాసు కింద పెట్టాడు. "హమ్ భీ నహీ చఢేంగే," తామూ ఎక్కమన్నాడు.

మర్నాడు అందరం పరంజా కింద కూర్చున్నాం. లక్ష్మణ్ చివరగా వచ్చి, తల దించుకుని, ఓ మూల కూర్చున్నాడు. మునిస్వామి పిలిస్తే పోలీసులు వచ్చి దేవన్నను బండెక్కించారు. అతను వెనక్కి తిరిగి, "లెవ్వకుండ్రి!" అని అరిచాడు. మేం లేవలేదు.

రెండో రోజూ అక్కడే కూర్చున్నాం. సాయంత్రానికి మా బదులు పనిచేయడానికి జుబైల్ నుంచి కొత్త మనుషులతో బస్సొచ్చి ఆగింది. వాళ్ల పెద్ద ఖాజావలిది ఒంగోలు దగ్గర పల్లె.

"ఎందుకు కూర్చున్నారన్నా?" అని అడిగాడు.

జవాబు చెప్పింది లక్ష్మణ్. సదానందం సంగతి, దేవన్న సంగతి, చలి సంగతి, అంతా చెప్పాడు.

"మమ్మల్నీ ఆ రేకుల్లోనే పడుకోబెడతారా?"

"మా పక్క క్యాబినే మీది."

"ఎక్కండ్రా!" మునిస్వామి కేకలేస్తున్నాడు.

ఖాజావలి హెల్మెట్ తీసి లక్ష్మణ్ పక్కన కూర్చున్నాడు. వెనకే జుబైల్ వాళ్లంతా కూర్చున్నారు.

మునిస్వామి మళ్లీ పోలీసులకు ఫోన్ కలిపాడు.

లక్ష్మణ్ గొంతెత్తాడు. "పెద్ద బండ్లు తెమ్మను సార్. ఒక్కదాంట్ల పట్టం!"