బస్సులో పిలుపు

ఆఖరి పిల్ల కూర్చుందో లేదో చూసి, ఆయా సావిత్రి చప్పుడు కాకుండా బస్సు తలుపు మూసింది. "చల్ భాయ్," అంది డ్రైవర్ ఖయ్యూంతో. పెద్దింటి పిల్లలు చదివే ఆ బడి గేటు మెల్లగా వెనక్కి జారిపోయింది.

సాయంత్రపు ఎండ నిద్రపోతున్న చిన్నపిల్లల చెంపల మీద ఊగుతోంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆమె చేయి దానంతటదే ఏదో ఒక తల కిందికి పోతుంది. మెడ పట్టేస్తుందేమో, కిటికీలోంచి బయటపెట్టిన చేతికి ఏ లారీయో తగులుతుందేమో... ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక భయమే.

వెనక సీట్లో విశాల్ ఉన్నాడు. ఆమె కొడుకు. బడిలో సిబ్బంది పిల్లలకిచ్చే సీటుతో అతను ఒకటో తరగతిలో చేరినరోజే చెప్పింది: "బస్సుల నన్ను అమ్మా అనకు బిడ్డా. అందరి లెక్క ఆయమ్మా అను. లేకుంటె నిన్ను కలుపుకోరు."

పిల్లాడు బుద్ధిగా విన్నాడు. ఎంత బుద్ధిగా అంటే, ఒకసారి జ్వరంలో ఇంట్లో కూడా "ఆయమ్మా, నీళ్లు" అన్నాడు. ఆమె నీళ్లిచ్చింది గానీ దిద్దలేదు. దిద్దితే బస్సులో నోరు జారతాడేమోనని.

ఆఫీసువాళ్లకూ ఖయ్యూంకూ తప్ప విశాల్ ఆమె కొడుకన్న సంగతి ఎవరికీ తెలియదు.

విశాల్‌తో సహా పన్నెండో తరగతి వాళ్లకు ఇవాళే బడిలో చివరి రోజు. అఫ్జల్‌గంజ్ దాటాక మూసీ మీద తెల్లటి మసక. బస్సు దానిలో తేలుతున్నట్టుంది.

"నాదేముంది, డాడీ నర్సింగ్‌హోమే," అంటోంది వర్షిత. "మెడికల్ సీటు రాకముందే బోర్డు మీద నా పేరు రాయించిండు."

"నేను మిర్చి ఘాటుకు ఏడ్సుకుంట ఎంబీఏ చేస్త," అన్నాడు మసాలా హోల్‌సేల్ వారి అబ్బాయి శ్రవణ్‌కుమార్. "విశాల్, మా మామ ఆఫీసుల నీకు నౌకరి పక్కా రా. మన బడి పోరడంటే చాలన్నడు. గని మీ ఇంట్లోళ్లది ఏం లైన్? ఎన్నడు చెప్పవు."

సావిత్రి కమ్మీని గట్టిగా పట్టుకుంది.

"నాన్న లేడు. అమ్మ ఈ బస్సులనే పని చేస్తది," అన్నాడు విశాల్. "గా నిలబడ్డది మా అమ్మ."

ఆ మాట కోసం ఎన్ని పగళ్లు కలగన్నదో. తీరా చెవిన పడగానే, వాడికి దక్కిన ఉద్యోగం, దోస్తులు, అన్నీ ఆ ఒక్క మాటతో పోతాయనిపించింది. నవ్వేసింది.

"విశాల్ బాబు మజాక్ చేస్తుండు. నాకు గంత అదృష్టమా? కూసోండ్రి, బ్రేక్ పడ్తది."

అందరూ గొల్లుమన్నారు. "యాక్టింగ్ లైన్‌ల పోరా," అంటూ శ్రవణ్ వీపు చరిచాడు. విశాల్ నవ్వలేదు.

అద్దంలోంచి ఖయ్యూం ఆమెను చూశాడు. "ఏంది బాజీ, గట్లనవడితివి," అన్నాడు లోగొంతుకతో.

విశాల్ దిగే సైదాబాద్ ఇంకా రాలేదు. సిగ్నల్ దగ్గర బస్సు ఆగితే విశాల్ లేచి తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఏడికి..." బిడ్డా అనబోయి, మింగి, "బాబూ?" అంది.

అతను తలుపు మీద చేయి వేశాడు. ఆమె తన చేత్తోనే తలుపు తీసింది. అతను ఆమెను ఏ పేరుతోనూ పిలవకుండా దిగి, ఆటోల మధ్య కలిసిపోయాడు.

పిల్లలందరూ దిగాక బస్సు ఊడ్చుకుంటూ వెనకదాకా వెళ్లింది. చివరి సీటు మీద విశాల్ టై ఉంది, ముడి విప్పకుండానే, మెడంత గుండ్రంగా.