తోడల్లుడి పొట్ట మీద కన్ను

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి, తలుపు తీసే ఉంది. మధ్యలో గొణిగితే మాత్రం ఊరుకోను.

సైకిళ్ల షాపాయన రోజూ పొద్దున్నే షట్టరెత్తి, గాలిపంపు బయటపెట్టి, వీధిలోకి ఓ చూపు విసిరేవాడు. ఆ చూపులో అసూయ ఉంటే చాలు, అది పడిన వస్తువు చిన్నదైపోయేది. ఎదురింటివాళ్ల కొత్త టీవీ అరచేతంత అయింది. మందుల షాపతని మీసం కనుబొమ్మంత మిగిలింది. ఓసారి పెద్ద బస్సొకటి షాపు ముందు ఆగి, వ్యానంతై కదిలింది. లోపలివాళ్లు కాస్త సర్దుకుని కూర్చున్నారు, అంతే.

"కొత్త చొక్కా వేసుకున్నాను బాబాయ్, కొంచెం అటు తిరుగు" అని చెప్పి దాటిపోయేవాళ్లు వీధివాళ్లు.

ఆయనకి అందరికంటే ఎక్కువ మంట తోడల్లుడి మీద. బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ క్యాషియర్‌కి పొట్టలోని పెద్ద రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బిందని స్కాన్‌లో తేలింది. పగిలితే ప్రాణం దక్కదు. ఆపరేషన్ చేద్దామంటే గుండె తట్టుకోదు. అలాంటి ఉబ్బుల మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ ఆయన్ని చేర్చుకుని, ఇంటికి కారు పంపించడం మొదలుపెట్టింది. పోలిక కోసం ఉబ్బు లేనివాళ్లు కూడా కావాలన్నారు. కారు సంగతి వినగానే సైకిళ్ల షాపాయన పరుగున వెళ్లి చేరాడు.

చేరాక ఇంకా మండింది. క్యాషియర్ మంచం చుట్టూ కుర్రడాక్టర్ల గుంపు, ఆయన పొట్ట గోడంత తెర మీద. ఈయన్ని మాత్రం ఇలా చూసి, అలా ఆయాతో పొట్ట మీది జిగురు తుడిపించి లేవమన్నారు.

"నాదెలా ఉందమ్మా?"

"భేషుగ్గా ఉందండీ. మామూలే."

"మామూలా! జన్మంతా గాలి కొట్టిన పొట్టమ్మా ఇది. సరిగ్గా వెతకండి, ఏ మూలో చిన్నదైనా ఉంటుంది."

పక్క మంచం మీంచి క్యాషియర్ నవ్వాడు. "అన్నీ అందరికీ రావు తమ్ముడూ."

ఆ మాటకి ఈయన కళ్లు భగ్గున తెర మీద పడ్డాయి. తెరలోని ఉబ్బు ముడుచుకుంది. డాక్టరమ్మ కొలిచి, మళ్లీ కొలిచి, "తగ్గింది. మీ తమ్ముణ్ణి ప్రతిసారీ తీసుకురండి" అని మాత్రం అంది.

అలా తగ్గుతూ ఉండగా, ఒకనాడు క్యాషియర్ ఈయన చేతులు పట్టుకున్నాడు. "నీ వల్లే బతికున్నాను తమ్ముడూ. నీ కుళ్లు చల్లగుండ!"

అంతే, కొంప మునిగింది. ఈయన మనసు కరిగిపోయింది. మరుసటి స్కాన్‌కి ఉబ్బు ఇదివరకటి కంటే పెద్దదైంది.

"కాస్త కుళ్లుకోండి సార్!" అంది డాక్టరమ్మ.

"రావట్లేదమ్మా. పాపం, మా అన్నయ్య!"

క్యాషియర్ ప్రాణభయంతో గొప్పలకి దిగాడు. "కారులో ఏసీ చూశావా తమ్ముడూ? నా పొట్ట బొమ్మ పుస్తకాల్లో వేస్తారట!"

"వెయ్యనీండి అన్నయ్యా, మీకంటే అర్హుడెవరు?" అని ఈయన కళ్లు తుడుచుకున్నాడు.

ఇంతలో, బయట అక్కకి తోడుగా కూర్చున్న ఈయన భార్య తలుపు తోసుకుని వచ్చేసింది. బావ చెయ్యి పట్టుకుని బావురుమంది. "బావగారూ, మీలాంటి మగమనిషి ఇంకొకరు లేరండీ!"

సైకిళ్ల షాపాయన బిగుసుకుపోయాడు. తను టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు ఈవిడ కంట చుక్క రాలలేదు. మాత్ర చేతిలో పెట్టి "మింగండి" అంది.

"ఇంకొకరు లేరా? ఏమే, నేనిక్కడే ఉన్నాను!"

చూశాడు. అబ్బో, అదీ చూపంటే! గురితప్పిన సెగకే డాక్టరమ్మ కోటు జాకెట్టైంది, ఆయా కూర్చున్న స్టూలు నేలకంటింది. ఉబ్బు బఠాణీ గింజంతకి దిగింది.

ఇప్పటికీ ప్రతి స్కాన్‌కీ ఆవిడ వస్తుంది, బావ చెయ్యి పట్టుకుని ఏడుస్తుంది. క్యాషియర్ నిక్షేపంగా ఉన్నాడు. ఆ కన్నీళ్లు నిజమా నటనా అని సైకిళ్ల షాపాయన ఇంతవరకూ అడగలేదు. నటన అని తేలితే అన్నయ్య పోతాడు. నిజమని తేలితే తనే పోతాడు.

సాక్ష్యం కావాలా? స్టూలుతో పాటు నేలకి దిగిన ఆ ఆయానే అడగండి. పొట్టల మీద స్కాన్ జిగురు రాసేది ఆవిడే. ఆస్పత్రిలో ఎవరినడిగినా చూపిస్తారు, పేరు జిగురక్క.