సర్పగతికి గుర్తింపు

ఆదివారం ఉదయం పదిన్నరకు కర్రసాము సంఘం పరిశీలకులు మా శైలికి ప్రత్యేక గుర్తింపు నిరాకరించారు. దరఖాస్తు పెట్టింది నేను. నిరాకరించడానికి కావలసిన కారణం అందించింది మా నాన్న.

సంఘం ఈ ఏడాది పోటీల నియమాలు మార్చింది. కర్రకు స్పాంజి తొడుగు, తలకు హెల్మెట్ వచ్చాయి. తల మీద దెబ్బకు రెండు పాయింట్లు, ఇంకెక్కడ తగిలినా ఒకటి. మా శైలిలో కర్ర భుజం దాటి పైకి లేవదు. గుర్తింపు వస్తే మాకు వేరే విభాగం ఉంటుంది. రాకపోతే అందరితో కలిసి ఆడాలి. మా అమ్మాయికి జూనియర్లలో ఇదే ఆఖరి అవకాశం. పోటీ ఆ మధ్యాహ్నమే.

కర్ర ఎందుకు లేవదో వివరిస్తూ నేనొక పుస్తకం వేశాను. కర్ర ఎత్తితే మన ఉద్దేశం శత్రువుకు తెలిసిపోతుందని, అందుకే పూర్వీకులు పాములా నేల పట్టి పోరాడారని అందులో రాశాను. బరి మధ్యలోకి రాగానే మేము నడుం వంచి నాలుగడుగులు వేస్తాం. దాని పేరు సర్పగతి. ఆ పేరు పెట్టింది నేనేనని మాత్రం రాయలేదు.

పరిశీలన ఇండోర్ స్టేడియంలో జరిగింది. వచ్చినవారు ఇద్దరు. ఒకరు కుర్రతనంలో మా నాన్నతో కలిసి సాము చేసిన పెద్దాయన. రెండో ఆవిడ వ్యాయామ విద్య లెక్చరర్. నేను సర్పగతి చేసి చూపించాను. లెక్చరర్ ఫోన్‌లో వీడియో తీసుకున్నారు.

“మాస్టారూ, మధ్యలో ఎందుకు వంగుతున్నారు?”

పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పాను. పూర్వీకుల దాకా వచ్చేసరికి పెద్దాయన ముందు వరుసలో కూర్చున్న మా నాన్న వైపు తిరిగారు.

“ఏమయ్యా, మన రోజుల్లో ఈ వంగుడు లేదే? నీ దెబ్బ నెత్తి మీదే కదా దిగేది!”

మా నాన్నకు వినికిడి తక్కువ. అందువల్ల గట్టిగా మాట్లాడతారు.

“గ్రౌండు పోయాక టైలర్ మేడ మీద గదిలో నేర్పేవాణ్ణి కదా. కప్పు ఇంతెత్తు. నడిమధ్యన ఫ్యాను. ఓసారి రెక్క విరగ్గొట్టా. టైలర్ నానా తిట్లూ తిట్టాడు. అప్పట్నుంచీ వంగండ్రా అన్నా, వంగారు.”

లెక్చరర్ వీడియో ఆపలేదు.

నేను ఆయన దగ్గరికి వెళ్లాను. “నాన్నా, నా పుస్తకం చదివావు కదా! అప్పుడైనా చెప్పొచ్చుగా?”

“చదివాను రా. బాగా రాశావు. వేరేవాళ్ల శైలి గురించేమో అనుకున్నా.”

పెద్దాయన దరఖాస్తు నా చేతికి తిరిగిచ్చి, అమ్మాయి పేరు మామూలు విభాగంలో రాసుకున్నారు.

“ఇన్నేళ్లూ నాతో ఫ్యానుకి దండాలు పెట్టించావా నాన్నా?” అంది మా అమ్మాయి. నా దగ్గరున్న జవాబులన్నీ అప్పటికే అచ్చయిపోయాయి.

భోజనాల వేళ ఆమెను వాళ్ల తాతయ్య మెట్ల పక్కకు తీసుకెళ్లారు. “ఎత్తవే. ఇంకా. మోచెయ్యి చెవి దాటాలి.”

పక్కన నిలబడి నేనూ ఎత్తి చూశాను. చెయ్యి భుజం దగ్గర ఆగింది. ఇంకాస్త బలం పెడితే నడుం దానంతటదే వంగింది.

“నువ్వు పక్కకి తప్పుకోరా, దానికి అదే అలవాటవుతుంది,” అన్నారు నాన్న.

మూడున్నరకు పోటీ మొదలైంది. అవతలి అమ్మాయి వెంటవెంటనే రెండుసార్లు కర్ర ఎత్తింది. మా అమ్మాయి రెండుసార్లూ వంగి, తల దించి అందించింది. తర్వాత పక్కటెముకల మీద ఒకటి తగిలింది.

“పైన ఏం లేదే తల్లీ!” అని మా నాన్న అరిచారు. స్టేడియంలో కొందరు కప్పు వైపు చూశారు. నేనూ చూశాను. కాబట్టి ఆ తర్వాతి దెబ్బ నేను చూడలేదు.

మా అమ్మాయి అయిదు-రెండు తేడాతో ఓడిపోయింది. ఆ రెండు పాయింట్లూ తల మీద కొట్టిన ఒకే దెబ్బకు వచ్చాయని స్కోరర్ ధ్రువీకరించారు.